ఒడిబియ్యం పోసిన ఊరు

పల్లెటూరిని ఎలా చదవాలన్న విషయం మీద, నా పరిశోధనకు గైడుగా ఉన్న మా సారు ఎంతసేపైనా మాట్లాడగలరు. హైదరాబాదులో ఆయన గదిలో ఫ్యాను కింద కూర్చుని వింటుంటే అంతా సులువుగానే తోచేది. ప్రశ్నలు పట్టుకుని ఇంటింటికీ తిరగడం ఒక పద్ధతి. ఊరివాళ్లను ఒకచోట కూర్చోబెట్టి వాళ్ల చేతే ఊరి పటం గీయించడం ఇంకో పద్ధతి. అన్నిటికంటే మేలైనది మాత్రం అక్కడే ఉండిపోవడం అనేవారు. ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక ఏడాది. "నువ్వు అక్కడ ఉన్నావన్న సంగతి వాళ్లు మర్చిపోవాలి. అప్పుడే నీకు అసలు ఊరు కనిపిస్తుంది" అన్నారు. మర్చిపోకపోగా గట్టిగా పట్టుకుంటే ఏం చేయాలో ఆయన చెప్పలేదు. నాకూ అడగాలని తోచలేదు.

నేను చదవబోయేది బోధన్ చుట్టుపక్కల చెరకు ఊళ్ల గురించి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఊళ్లు చెరకు వదిలి వరికి మళ్లాయి. వరి అంటే నీళ్లు. ఆ నీళ్లు ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందడం లేదు అన్నది నా పని. సొంత జిల్లా, సొంత మాట, పొద్దున బస్సెక్కి పోతే సాయంత్రానికి జిల్లా కేంద్రంలో, కంఠేశ్వర్‌లోని ఇంటికి తిరిగి రావచ్చు. మా అత్తమ్మ ఒప్పుకున్నది కూడా అందుకే. అట్లా వచ్చిపోతే అది చదువు కాదు, షికారు అని సారు తేల్చేశారు. అత్తమ్మ మూతి ముడుచుకుంది. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగి, చివరికి నా సంచీ తనే మోసి ఊళ్లో దింపి వెళ్లాడు.

నేను దిగిన ఇల్లు కాలువ మొదట్లో పొలాలున్న పెద్దమనిషిది. ఊరి కమిటీలో ఆయన మాటే మాట. నేను ఆయన్ను పెద్దబాపు అనీ, ఆయన భార్యను పెద్దవ్వ అనీ పిలిచేదాన్ని. మంచివాళ్లు. ఇది ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను చెప్పేవి విని వాళ్లను దుర్మార్గులు అనుకుంటారు. నాకు జ్వరం వస్తే పెద్దవ్వ నా పక్కనే చాప వేసుకుని పడుకుంది. మా అమ్మ కూడా అంత చేయలేదు.

మొదట ప్రశ్నలతో ఇంటింటికీ తిరిగాను. ఏ ఇంట్లో ఏం అడిగినా మగవాళ్లే జవాబు చెప్పేవాళ్లు, చెప్పేముందు నా వెంట వచ్చిన పెద్దబాపు మొహం చూసేవాళ్లు. తర్వాత పటం పద్ధతి పట్టాను. పెద్దబాపు వాకిట్లో ముగ్గుపిండితో ఊరిని గీయమన్నాను. భలే హుషారుగా గీశారు. గుడి, బడి, కాలువ అవతల కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు, మక్కజొన్న చేన్లు, అన్నీ వచ్చాయి. కాలువ మాత్రం సగం దూరం వచ్చి ఆగిపోయింది. పిండి అయిపోయిందేమో అనుకున్నాను. డబ్బాలో ఇంకా ఉంది. కాలువ చివరి పొలాలవాళ్లు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. వాకిట్లోకి రమ్మని వాళ్లను ఎవరూ పిలవలేదు. పటం చాలా బాగా వచ్చిందని సారు మెచ్చుకున్నారు.

ఇక ఉండిపోవడం మొదలైంది. ఉండిపోవడమంటే ఊరి మధ్యలో ఉండడం అనుకున్నాను. కాదు, ఒక ఇంట్లో ఉండడం. ఆ ఇంటివాళ్లతో మాట్లాడనివాళ్లు నాతోనూ మాట్లాడరు. ఎవరింట్లో చాయ్ తాగినా నేను తిరిగి వచ్చేలోపే ఆ కబురు పెద్దవ్వకు చేరేది. "ఆడికెందుకు వోయినవు బిడ్డా, మనింట్ల చాయ్ లేదా" అనేది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ప్రేమతో అడిగేవాళ్లతో పోట్లాడడం నాకు చేతకాదు. అట్లా మెల్లగా నా దారులు తగ్గిపోయాయి. ఇల్లు, వాకిలి, పైపొలం, మళ్లీ ఇల్లు. చదవడానికి వచ్చి, చివరికి ఆ ఇంట్లో కోడలి కంటే ఎక్కువ కాపలాలో పడ్డాను.

నాకిచ్చిన గది తలుపు వెనక ఒక ఇనుప హ్యాండిల్ ఉండేది. కాలువ మీద పై తూము షట్టరును ఎత్తడానికి, దించడానికి వాడేది. ఆ షట్టరు ఎత్తితే నీళ్లు పైపొలాలకు మళ్లుతాయి. దించితే ముందుకు సాగి కాలువ చివరిదాకా పోతాయి. ఎత్తే రోజులు, దించే రోజులు ఊరందరూ కలిసి పెట్టుకున్నవే. కానీ చివరి పొలాల వంతు వచ్చిన రోజున కూడా పొద్దుగూకే వేళకు ఎవరో వచ్చి, "అక్కా, జర జరుగు" అని నా తలుపు వెనక నుంచి హ్యాండిల్ తీసుకుపోయేవాళ్లు. తెల్లారి చూస్తే మళ్లీ అక్కడే, తడి మట్టితో ఉండేది. నేను దాచి పెట్టిన ప్రశ్నలన్నిటికీ జవాబు నా గదిలోనే ఆనించి ఉంది. చూశాను, రాసుకున్నాను. మా పద్ధతిలో చూడడం, రాసుకోవడమే పని.

కాలువ చివర పొలం ఉన్న ఒకామెను నేను అక్క అని పిలిచేదాన్ని. భర్త దుబాయి పోయి అక్కడే ఏదో కంపెనీలో ఉన్నాడు, సేద్యం అంతా ఆమెదే. యాసంగికి, అంటే రెండో పంటగా, వరి వేసింది. నేను పోయేసరికి గట్టు మీద కూర్చుని ఉంది. చేను పాలుపోసుకునే అదనులో ఉంది, మడిలో నేల మాత్రం నెర్రెలు విచ్చింది.

"గిప్పుడు ఒక్క తడి పడకుంటే తాలు తప్ప గింజ ఉండది" అంది. తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వా ఇంట్లనే పంటున్నవు. నీకు కనవడ్తలేదా?" అని అడిగింది.

"కనబడుతుందక్కా. చూస్తున్న."

"సూసి?"

ఆమె నన్ను తిట్టలేదు. కాలువ ఇంజనీరు దగ్గరికి పోయి చెప్పుకున్నానని, బొడ్రాయి పండుగ అయిన మర్నాడు ఆయన ఊరికి వచ్చి విచారిస్తానన్నాడని చెప్పింది. "మేం చెప్తే కొట్లాట అంటడు. నువ్వు చెప్తే నమ్ముతడు. నువ్వు ఎవలకు సుట్టం గావు, ఎవలకు పగ గావు. ఉన్నదున్నట్టు జెప్పు, అంతే" అంది.

ఆ సాయంత్రం సారుకు ఫోన్ చేశాను. ఆయన చాలా ఓపిగ్గా చెప్పారు. మనం చదివేవాళ్లమే గానీ తీర్పు చెప్పేవాళ్లం కాము. నోరు తెరిస్తే ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేవు, ఏడాది పని గంగపాలు అవుతుంది. చెప్పాల్సింది తర్వాత పుస్తకంలో చెప్పు అన్నారు. పుస్తకం వచ్చేసరికి అక్క చేను ఎన్నిసార్లు ఎండుతుందో ఆయన్ను అడగాలనిపించింది. అడగలేదు, ఫోన్ పెట్టేసి ఏడ్చాను. పెద్దవ్వ వచ్చి, ఇల్లు యాదికొచ్చిందా అని తల నిమిరింది. ఆ చెయ్యి తీసేయాలనీ అనిపించింది, పట్టుకోవాలనీ అనిపించింది.

తప్పించుకునే దారి ఒకటి ఉందనుకున్నాను. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డులాంటి రాయి. అది పాతబడితే కొత్తది నిలబెట్టి పెద్ద పండుగ చేస్తారు. ఆ రోజు ఊరిని కట్టేస్తారు. పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లి, దారులకు ట్రాక్టర్లు అడ్డం పెట్టాక లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. పరాయివాళ్లు ముందురోజే వెళ్లిపోవాలి. నేను పరాయిదాన్నే కదా. పండుగ పేరు చెప్పి కంఠేశ్వర్ పోతాను, ఇంజనీరు వచ్చిపోయాక మెల్లగా వస్తాను, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అని లెక్క వేసుకున్నాను. అక్క గుర్తుకొస్తూనే ఉంది. అయినా సంచీ సర్దాను.

సంచీతో వాకిట్లోకి వస్తే పెద్దబాపు మంచం మీద నుంచి లేచాడు.

"ఏడికి?"

"పండుగ కదా పెద్దబాపూ. బయటోళ్లు ఉండొద్దంట."

"నువ్వు బయటిదానివా?" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "పండుగకు ఆడబిడ్డలు ఊరికొస్తరు గని ఊరు విడిచి పోరు. రేపు నీకు గూడ ఒడిబియ్యం పోస్తరు. నీ పెనిమిటికి నేనే ఫోన్ జేసి జెప్పిన."

పెద్దవ్వ నా చేతిలోంచి సంచీ తీసుకుని లోపలికి నడిచింది. మా ఆయన ఫోన్లో తెగ సంబరపడ్డాడు. పుట్టింటివాళ్లు పెళ్లయిన కూతురికి పోసే ఒడిబియ్యాన్ని ఊరి ఆడబిడ్డగా పోయించుకోవడం ఎంత గౌరవమో నాకే చెప్పాడు. ఒక మనిషిని పట్టి ఉంచడానికి తిట్టనక్కర్లేదు, బెదిరించనక్కర్లేదు. బిడ్డా అని పిలిచి సంచీ లోపల పెడితే చాలు.

మర్నాడు ఊరు కట్టేశారు. డప్పులు, చుట్టాలు, వేపాకులు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడబిడ్డలు. ధర్పల్లిలో ఇచ్చినవాళ్లూ, సిరికొండలో ఇచ్చినవాళ్లూ, నాందేడ్ నుంచి మరాఠీ మాట్లాడే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లూ వరుసగా పీటల మీద కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. పెద్దవ్వ నా ఒళ్లో కనుము, కొత్త రవికె గుడ్డ, పరిచి, పసుపు కలిపిన బియ్యం పోసింది. ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, పసుపుకొమ్ములు పడ్డాయి. తర్వాత ఇంటికొకరు చొప్పున వచ్చి తలా గుప్పెడు పోస్తున్నారు. ఒడి బరువెక్కుతోంది. బియ్యం ఒలికిపోకుండా రెండు చేతులతో కొంగు పట్టుకుని కూర్చున్నాను, లేవడానికి లేదు.

వరుసలో అక్క వచ్చింది. పటం గీసిన రోజు గేటు దగ్గర ఆగిపోయిన మనిషి, బొడ్రాయి పండుగ కాబట్టి వాకిట్లోకి వచ్చింది. గుప్పెడు బియ్యం పోస్తూ, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా అంది:

"నా చేను బియ్యం గావు బిడ్డా. దుకాణంల కొన్నయి."

నాకు బొట్టు పెట్టి పక్కకు జరిగింది.

చివర్లో ఇంటి పెద్ద వచ్చి, ఆడబిడ్డను ఏం కావాలో అడగడం ఆనవాయితీ. పట్టుచీర అనో, పట్టగొలుసులు అనో అంటారు, అందరూ నవ్వుతారు. పెద్దబాపు నా ముందు నిలబడి, "అడుగు బిడ్డా, ఏం గావాలె నీకు?" అన్నాడు.

అప్పుడు నాకు ఒక తెలివి తట్టింది. తెలివి అనే అనుకున్నాను. బయటిదానిగా చెబితే బయటికి గెంటేస్తారు. ఆడబిడ్డగా అడిగితే కాదనలేరు.

"నా తలుపు వెనకున్న తూము హ్యాండిల్ గావాలె, పెద్దబాపూ. పై తూము దించి, దాన్ని నా వెంబడి పంపుండ్రి" అన్నాను.

నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు నవ్వలేదు. పెద్దవ్వ తల దించుకుంది. పెద్దబాపు నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం కోసం వెతికాను. లెక్క వేసుకునే మనిషి చూపు అది. తర్వాత తల ఊపి, "ఆడబిడ్డ నోరు తెరిసి అడిగింది. తెండ్రి" అన్నాడు.

కట్టేసిన ఊళ్లో, పొలిమేర లోపలే ఉన్న తూము దగ్గరికి మనుషులు పోయి షట్టరు దించి వచ్చారు. హ్యాండిల్ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి నా పక్కన ఉంచారు. అక్క వైపు చూశాను. ఆమె కళ్ల నిండా నీళ్లు. నేను గెలిచానని అనుకున్నాను. అంత సంతోషం ఆ ఊళ్లో నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. నెమ్మదైన మనిషి, చెప్పింది శ్రద్ధగా విన్నాడు. అక్క తన బాధ చెప్పింది, చెప్పి నన్ను చూపించింది. నేను నోరు తెరిచేలోపే పెద్దబాపు నవ్వుతూ అందుకున్నాడు.

"అడుగుండ్రి సార్, మా ఆడబిడ్డనే. నిన్ననే ఒడిబియ్యం పోసినం."

అయినా చెప్పాను. హ్యాండిల్ సంగతి, సాయంత్రాల సంగతి, మొత్తం చెప్పాను. ఇంజనీరు మొహమాటంగా తల గోక్కున్నాడు. "అమ్మా, మీరు ఈ ఇంటి బిడ్డ అంటున్నారు. రేపు వేరేవాళ్లు మీకూ వాళ్లకూ ఇంట్లో ఏదో పడలేదని అంటారు. బయటి సాక్షి అని ఎలా రాసుకోను?" అన్నాడు. తర్వాత అందరం కాలువ చివరిదాకా నడిచాం. అక్క మడిలో నీళ్లు మెరుస్తున్నాయి. నెర్రెలన్నీ మూసుకుపోయాయి.

"నీళ్లు వోతనే ఉన్నయ్ గద సార్" అన్నాడు పెద్దబాపు.

ఇంజనీరు ఆ నీళ్లను చూసి, నన్ను చూసి, జీపెక్కాడు. ఊరివాళ్లంతా కలిసి తేల్చుకోవాల్సిన తగాదాను నేను పుట్టింటి కానుకగా అడిగేశాను. కానుక ఇచ్చినవాళ్ల మీద ఫిర్యాదు ఎట్లా నిలుస్తుంది? అక్క నీళ్లలోకి దిగి గట్టు సరిచేసుకుంటూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఊళ్లో నాతో ఎవరూ కబుర్లు చెప్పలేదు. ఏది అడిగినా, "నీకెందుకు బిడ్డా గా రంది, తిను" అనేవాళ్లు. పుట్టింటి చిక్కులు ఆడబిడ్డ చెవిన వేయరు కదా, కడుపునిండా పెట్టి పంపుతారు. పరాయిదానిగా ఉన్నప్పుడు కనీసం అబద్ధాలు చెప్పేవాళ్లు, అబద్ధాలను బట్టి ఎంతో కొంత తెలిసేది. ఇప్పుడు నెయ్యి వేసిన అన్నం తప్ప ఏమీ దొరకలేదు. నాలుగు రోజులు చూసి, ఏడాది నిండకుండానే హ్యాండిల్, ఒడిబియ్యం మూటతో కంఠేశ్వర్ వచ్చేశాను. ఆ బియ్యం వండి వాడకట్టు ఆడవాళ్లను పిలిచి భోజనం పెట్టాం. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఏ గుప్పెడు ఎవరిదో తెలియకుండా అన్నీ కలిసిపోయాయి. అత్తమ్మ ఆ హ్యాండిల్‌ను పాతసామాను వాడికి వేద్దామంటే ఒప్పుకోక, తలుపు వెనక పెట్టాను.

పెద్దబాపు ఇప్పటికీ ప్రతి పండుగకూ ఫోన్ చేస్తాడు. రాకపోతే నొచ్చుకుంటాడు, పోతే చీర పెడతాడు. నా చదువు కాగితాలు అట్లాగే ఉన్నాయి. ఆ చీరలు కట్టుకుని ఆ కాగితాలు ఎట్లా పూర్తి చేయాలో నాకు తెలియడం లేదు. సారు మాత్రం నా అనుభవం చాలా విలువైనదని, దాన్ని ఒక పద్ధతిగా రాయమని అంటున్నారు.

కోతలు అయిపోయాక అక్క ఇక్కడి కళ్ల డాక్టరు దగ్గరికి వచ్చి, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో చిన్న బియ్యం సంచీ.

"ఇవి నా చేను బియ్యం" అంది. ఆ ఒక్క తడికే చేను నిలబడిందట. నాకు ప్రాణం లేచి వచ్చింది. చాయ్ పెట్టాను. కూర్చోబోతూ ఆమె తలుపు వెనక హ్యాండిల్ చూసింది. చూసి నవ్వింది.

"ఇంక దాసి పెట్టుకున్నవా దీన్ని? నువ్వు బస్సెక్కినంక రెండో నాడే బోధన్ల కొత్తది జేయించిండ్రు."

ఈ వానాకాలం వరి వేయలేదనీ, సోయా వేశాననీ, అది దేవుడి వాన మీద ఉందనీ చెప్పింది. మళ్లీ అడుగుదామంటే ఒడిబియ్యం ఏటా పోయరు కదా అని తనే అంది. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, నా బల్ల మీది కాగితాల వైపు చూసింది.

"రాస్తున్నవా?"

"రాస్తున్న అక్కా. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. మీకు ఇబ్బంది గావొద్దని అట్లనే రాస్తం మేము."

"నాకేం ఇబ్బంది?" అంది. "గింతకంటే ఏం జేస్తరు నన్ను? ఆళ్ల పేర్లు రాయకు, ఆళ్లు నీ పుట్టింటోళ్లు. నా పేరు రాయి. నీళ్లు రాలేదని నేనే జెప్పిననని, నా పేరుతోని రాయి."

రాస్తానని ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పాను. ఆమె పేరు రాస్తే ఊరు తెలుస్తుంది. ఊరు తెలిస్తే పెద్దబాపు తెలుస్తాడు, నా పక్కన చాప వేసుకుని పడుకున్న పెద్దవ్వ తెలుస్తుంది. ఇది రాస్తున్నంతసేపూ ఆ పేరు నా నోట్లోనే ఉంది. ఎన్నోసార్లు రాశాను, కొట్టేశాను. ఆమెను ఇక్కడ కూడా అక్క అనే రాశాను.